టీన్ స్లాషర్ సీక్వెల్ టాక్‌ని ఎలా చదవాలి: టికెట్ బుక్ చేసే ముందు చేయాల్సిన పనులు

ప్రతి స్లాషర్ సీక్వెల్ రిలీజ్‌కీ మా కజిన్స్ గ్రూప్‌లో ఇదే గోల. శుక్రవారం పొద్దున్నే ఒకడు రివ్యూ స్క్రీన్‌షాట్ పెడతాడు క్రిటిక్స్ ఏకేశారు వద్దు అని, పది నిమిషాలకి మా పిన్ని కూతురు ఆడియన్స్ స్కోర్ పెడుతుంది జనానికి నచ్చింది కదా అని, మధ్యాహ్నానికి ఎవరిదో యూట్యూబ్ లింకు, సాయంత్రానికి షో టైమ్ కాస్తా దాటిపోయి అందరం ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ పొట్లాలు పట్టుకుని కూర్చుంటాం, వాదన మాత్రం ఇంకా తేలదు. ఒకసారి ఇలాగే మంచి సీక్వెల్ ఒకటి పోగొట్టుకున్నాం, వారం తిరిగేసరికి వైజాగ్‌లో దానికి ఒక్క షో కూడా మిగల్లేదు, నెలల తర్వాత ఓటీటీలో ఫోన్ మీద చూడాల్సొచ్చింది. స్లాషర్‌ని ఫోన్‌లో చూడ్డం ఏంటండీ, హాల్లో పక్కవాడు అరిస్తేనే కదా అది స్లాషర్.

అందుకే ఇది రాస్తున్నా. స్లాషర్ అంటే తెలుసు కదా, ముసుగేసుకున్న హంతకుడు, కాలేజీ పిల్లలు, ఎప్పుడో చేసిన తప్పు, ఒక్కొక్కరుగా పోవడం, ఈ టైపు సినిమాలకి రెండో పార్టో మూడో పార్టో వచ్చినప్పుడు బయట వినిపించే మాటల్లోంచి మీకు పనికొచ్చేది ఎలా ఏరుకోవాలో చెప్తా. ఒక్క విషయం ముందే చెప్పేస్తున్నా, మిగతాదంతా దాని మీదే నడుస్తుంది. సీక్వెల్ మీద ఎవరేం మాట్లాడినా ఆ మాట మొదటి పార్ట్‌లో వాళ్లకి ఏం నచ్చిందో దాన్ని బట్టి వస్తుంది. కాబట్టి "బాగుందా బాలేదా" అని కాకుండా "ఈ మనిషి ఏం కోరుకుని వెళ్లాడు, అది దొరికిందా" అని చదవాలి.

స్టెప్ 1: ముందు మీ సంగతి తేల్చుకోండి

రివ్యూలు తెరవకముందు, ట్రైలర్ కూడా రెండోసారి చూడకముందు, ఫోన్‌లో నోట్స్ తీసి మొదటి పార్ట్‌లో మీకు నచ్చింది ఏంటో రెండు ముక్కల్లో రాసుకోండి. హంతకుడు ఎవరో కనిపెట్టే ఆటా? భయమా? ఆ పిల్లల స్నేహమా? జోకులా? చంపే సీన్లు తీసిన తీరా? ఇది చిన్న పనిలా కనిపిస్తుంది గానీ దీన్ని వదిలేస్తే తర్వాతవన్నీ వేస్ట్.

ఎందుకో ఒక ఉదాహరణ చెప్తా. 2017లో హ్యాపీ డెత్ డే వచ్చింది, ఒక కాలేజీ అమ్మాయి తన పుట్టినరోజునాడు హత్యకి గురై మళ్లీ అదే రోజు పొద్దున్న లేస్తుంది, అలా రోజూ. తక్కువ బడ్జెట్‌తో తీస్తే ప్రపంచం మొత్తం మీద దాదాపు 125 మిలియన్ డాలర్లు వచ్చాయి. 2019 ఫిబ్రవరిలో సీక్వెల్, హ్యాపీ డెత్ డే టూ యూ. అదే డైరెక్టర్ క్రిస్టఫర్ లాండన్, అదే హీరోయిన్ జెస్సికా రోత్. రాటెన్ టొమాటోస్ అనే రివ్యూల సైట్‌లో క్రిటిక్స్ శాతం (అదేంటో స్టెప్ 4లో చెప్తా) రెండిటికీ ఇంచుమించు ఒకటే, డెబ్బై చుట్టుపక్కల. కానీ కలెక్షన్ సుమారు 64 మిలియన్లు, అంటే సగం. ఏమైంది మరి? మొదటి దాంట్లో ఆ రోజు ఎందుకు రిపీట్ అవుతుందో చెప్పలేదు, రెండో దాంట్లో సైన్సు పెట్టి చెప్పారు, లాబ్, మెషీను, ఇంకో లోకం, అమ్మ సెంటిమెంటు కూడా. ముసుగు హంతకుడు పక్కకి జరిగిపోయాడు. ఆ అమ్మాయి కోసం వెళ్లినవాళ్లకి రెండోది ఇంకా నచ్చింది (నాకు నచ్చింది, ఆ అమ్మ సీన్ దగ్గర నేను ఏడ్చా), భయం కోసం వెళ్లినవాళ్లు మోసపోయినట్టు ఫీలయ్యారు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. మీరు ఏ గుంపో మీకు తెలీకపోతే ఎవరి మాట పట్టుకుంటారు?

స్టెప్ 2: స్పాయిలర్ కాపలా పెట్టుకోండి

మామూలు సినిమాకి స్పాయిలర్ తగిలినా బతకొచ్చు, హంతకుడు ఎవరో చివరి వరకూ దాచే సినిమాకి అది తగిలితే టికెట్ డబ్బు సగం పోయినట్టే. కాబట్టి రిలీజ్‌కి రెండు రోజుల ముందే సినిమా పేరు, ముఖ్య పాత్రల పేర్లు సోషల్ మీడియాలో మ్యూట్ చేసేయండి. రివ్యూ చదివేటప్పుడు మొదటి పేరా, చివరి పేరా చదవండి, మధ్యలో కథ చెప్పే పేరాలు దాటేయండి. యూట్యూబ్ కింద కామెంట్స్ అయితే తెరవనే వద్దు, వీడియో పక్కన కనిపించే బొమ్మల మీదే హంతకుడి మొహం పెట్టేసేవాళ్లు ఉంటారు.

ఇది ఇవాల్టి జబ్బు కాదు. 1997లో స్క్రీమ్ 2 షూటింగ్ టైమ్‌లోనే స్క్రిప్ట్ ఇంటర్నెట్‌లోకి లీకైంది, అప్పటికి ఇళ్లల్లో నెట్ ఎంతమందికి ఉంది చెప్పండి. ఇంకా వెనక్కి వెళ్తే 1980లో ఫ్రైడే ద థర్టీన్త్ వచ్చినప్పుడు షికాగో క్రిటిక్ జీన్ సిస్కెల్‌కి ఆ సినిమా ఎంత కోపం తెప్పించిందంటే, జనం వెళ్లకూడదని రివ్యూలోనే హంతకుడు ఎవరో కావాలని బయటపెట్టేశాడు. జనం ఆగలేదు, సినిమా బ్రహ్మాండంగా ఆడింది, తర్వాత ఏడాదికే రెండో పార్ట్. కానీ ఆ రివ్యూ చదివి వెళ్లినవాడి సంగతి ఆలోచించండి పాపం.

స్టెప్ 3: ఆ మాట ఎప్పుడు పుట్టిందో చూడండి

ఒకే సినిమా మీద బుధవారం మాట వేరు, శుక్రవారం రాత్రి మాట వేరు, ఆదివారం మాట వేరు. స్టూడియోలు రివ్యూల మీద ఎంబార్గో పెడతాయి, అంటే ఫలానా టైమ్ దాకా రాయకూడదని. సినిమా మీద నమ్మకం ఉంటే ఆ గడువు ముందుగానే ఎత్తేస్తారు, లేకపోతే రిలీజ్ గంటల ముందు వరకూ లాగుతారు. ఇది రాతపూర్వక రూలేం కాదు, కొన్నిసార్లు ట్విస్ట్ దాచడానికి కూడా లేటు చేస్తారు, అయినా ఒక గుర్తుగా పనికొస్తుంది. ప్రీమియర్ రాత్రి వచ్చే ట్వీట్లు మాత్రం పక్కన పెట్టండి, పిలిచి చూపించినవాళ్లు, నటీనటులు అదే హాల్లో ఉన్నారు, ఆ రాత్రి అందరికీ అంతా బాగుంటుంది.

అమెరికాలో గురువారం సాయంత్రం ప్రివ్యూ షోలు పడేసరికి మనకి శుక్రవారం తెల్లవారుజాము. కాబట్టి ఇక్కడ మన మార్నింగ్ షో మొదలయ్యే టైమ్‌కి బయటికొచ్చే ఆడియన్స్ స్కోర్ మొత్తం ఆ గురువారం జనానిదే, అంటే ముసుగు కొనుక్కుని వెళ్లే వీరాభిమానులది. అది ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది, లేదా ఫ్యాన్స్‌కి ఒళ్లు మండితే మరీ కిందకి ఉంటుంది. శనివారం మధ్యాహ్నం దాకా ఆగి మళ్లీ చూడండి, ఎటు కదిలిందో అది మీకు పనికొచ్చే విషయం.

స్టెప్ 4: అంకెలు దేన్ని కొలుస్తున్నాయో తెలుసుకోండి

ఇక్కడే ఎక్కువమంది పడిపోతారు, కాబట్టి కాస్త నిదానంగా. రాటెన్ టొమాటోస్‌లో క్రిటిక్స్ శాతం అనేది మార్కు కాదు. ఎంతమంది క్రిటిక్స్ "పర్లేదు, చూడొచ్చు" వైపు ఉన్నారో అంతే, 60% గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే ఫ్రెష్ అంటారు. వందమంది ఉన్నారనుకోండి, అందరూ పదికి ఆరే ఇచ్చారు, ఎవరికీ పిచ్చెక్కలేదు, అయినా 100% వస్తుంది. ఇంకో సినిమాకి డెబ్బైమంది తొమ్మిదేసి ఇచ్చారు, ముప్ఫైమంది నాలుగేసి ఇచ్చి తిట్టారు, దానికి 70% వస్తుంది, సగటు మాత్రం ఏడున్నర. నన్నడిగితే స్లాషర్ సీక్వెల్స్‌లో ఈ రెండో రకమే చూడదగ్గది, ఏదో ఒకటి తెగించి చేశారు కాబట్టే జనం రెండుగా చీలారు. శాతం మీద నొక్కితే సగటు మార్కు కూడా కనిపిస్తుంది, అది చూడండి.

పాత సినిమాల శాతాలతో పోల్చేటప్పుడు ఇంకో జాగ్రత్త. ఆ సైట్ మొదలైందే 1998లో. 1978 హాలోవీన్‌కో 1984 ఎ నైట్‌మేర్ ఆన్ ఎల్మ్ స్ట్రీట్‌కో కనిపించే శాతంలో ఎన్నో ఏళ్ల తర్వాత, అది క్లాసిక్ అని తేలిపోయాక రాసిన రివ్యూలు కూడా కలిసి ఉంటాయి. నిన్న రిలీజైన సీక్వెల్‌ని దాని పక్కన పెట్టి "చూశావా పడిపోయింది" అనడం అన్యాయం.

ఆడియన్స్ వైపుకి వస్తే, టికెట్ కొన్నట్టు రుజువు ఉన్నవాళ్ల రేటింగ్ వేరుగా, ఎవరైనా ఇచ్చే రేటింగ్ వేరుగా ఉంటుంది, మొదటిదే చూడండి. సినిమాస్కోర్ అని ఇంకోటి ఉంది, అది 1970ల చివర్నుంచీ అమెరికాలో మొదటి రోజు హాల్ బయట ప్రేక్షకుల చేతికి కార్డులిచ్చి తీసుకునే గ్రేడు, ఏ ప్లస్ నుంచి ఎఫ్ దాకా. ఫ్యామిలీ సినిమాకి బీ వస్తే ఏడుస్తారు, హారర్‌కి బీ వస్తే పండగ. భయపెట్టడానికి తీసిన సినిమా భయపెడితే కొందరికి నచ్చదు మరి. 2018లో హెరెడిటరీని క్రిటిక్స్ నెత్తిన పెట్టుకుంటే ఆ కార్డుల్లో డీ ప్లస్ వచ్చింది. కాబట్టి హారర్ గ్రేడుని హారర్ గ్రేడుతోనే పోల్చాలి.

మన దగ్గర బుక్‌మైషో పదికి ఇచ్చే రేటింగు, తెలుగు సైట్ల రెండున్నర, రెండు ముప్పావు, మూడు. ఈ తెలుగు రేటింగుల్లో రెండున్నరకీ మూడుకీ మధ్యే లోకం మొత్తం ఇరుక్కుంటుంది కాబట్టి ఇంగ్లీష్ స్లాషర్ విషయంలో ఆ అంకె నేను చూడనే చూడను, కింద రాసిన మాటలు చదువుతా.

స్టెప్ 5: అంకె వదిలి కారణం పట్టుకోండి

ఇది అసలు పని. రెండు తిట్టిన రివ్యూలు, ఒక మెచ్చుకున్న రివ్యూ తెరవండి, ఐదారు ప్రేక్షకుల కామెంట్లు చదవండి, ప్రతిదాంట్లో "ఎందుకు" అన్న ముక్క ఒక్కటే నోట్స్‌లో రాసుకోండి. తర్వాత స్టెప్ 1లో రాసుకున్న మీ లైను పక్కన పెట్టి చూడండి.

రివ్యూల్లో వచ్చే తిట్లని కొంచెం అనువదించుకోవాలి. "రొటీన్" అంటే అలవాటైన ఫార్ములా, మొదటి పార్ట్ లాంటిదే ఇంకోటి కావాలనుకునేవాడికి అది మంచి కబురే. "రక్తం ఎక్కువ" అన్నది కొందరికి తిట్టు, కొందరికి ఆహ్వానం. "కథ కన్నా జోకులెక్కువ" అంటే భయం కోసం వెళ్లకండి అని. "లాగ్ ఉంది" అని నలుగురు వేరువేరుగా అంటే మాత్రం నమ్మేయండి, గంటన్నర స్లాషర్‌లో లాగ్ ఉందంటే పెద్ద లోపమే. "పాత్రలు అతికినట్టు లేవు, ఎవరు పోయినా పట్టించుకోలేదు" అన్న మాట వచ్చిందంటే నేను టికెట్ కొనే ముందు చాలా ఆలోచిస్తా, ఎందుకంటే పోయేవాళ్ల మీద మనకి ప్రేమ లేకపోతే ఎంత రక్తం పోసినా లాభం లేదు.

ఇక "లాజిక్ లేదు". దీన్ని వెంటనే నమ్మకండి. 1998 నవంబర్‌లో ఐ స్టిల్ నో వాట్ యూ డిడ్ లాస్ట్ సమ్మర్ వచ్చింది, 1997 అక్టోబర్‌లో వచ్చిన ఐ నో వాట్ యూ డిడ్ లాస్ట్ సమ్మర్‌కి సీక్వెల్. అందులో రేడియో వాళ్లు ఫోన్ చేసి బ్రెజిల్ రాజధాని ఏదని అడిగితే ఈ అమ్మాయిలు రియో అంటారు, కరెక్ట్ అని చెప్పి బహామాస్ ట్రిప్ ఇచ్చేస్తారు. రాజధాని బ్రసీలియా కదా! హాల్లో జీకే తెలిసినవాడు అక్కడే నవ్వుకుంటాడు, సినిమా తీసినోళ్లకి ఇది కూడా తెలీదా అని. పాతికేళ్లు దాటిన సినిమా కాబట్టి చెప్పేస్తున్నా, అది తప్పు కాదు, వాళ్లు కావాలని పెట్టిన క్లూ, ఆ పోటీయే దొంగది. మధ్యలో లేచి వెళ్లిపోయినవాడి దృష్టిలో మాత్రం "లాజిక్ లేదు". కాబట్టి లాజిక్ గురించి రాసినవాడు చివరి దాకా చూశాడా లేదా అన్నది అతని మిగతా మాటల్లో వెతకండి.

ఆ సీక్వెల్‌ని క్రిటిక్స్ చీల్చి చెండాడారు, శాతం ఇప్పటికీ అట్టడుగునే ఉంటుంది. అయినా సింగర్ బ్రాండీ చేసిన ఫ్రెండ్ పాత్ర కోసం, తుఫానులో మూసేసిన ఆ రిసార్ట్ కోసం దాన్ని ఇష్టపడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. తుఫాను, కరెంటు పోవడం, బయట అలల హోరు, హుద్‌హుద్ రాత్రి చూసిన వైజాగ్ వాళ్లకి ఆ సెటప్ వేరేగా తగులుతుంది, అది ఏ అమెరికా రివ్యూలోనూ దొరకదు. 2025 జూలైలో పాత హీరో హీరోయిన్లని మళ్లీ తెచ్చి ఇంకో పార్ట్ తీసినప్పుడు ఇదే పద్ధతిలో చదివితే రెండు గుంపులు విడివిడిగా కనిపిస్తాయి, 1997 నాటి జ్ఞాపకం కోసం వెళ్లినవాళ్లు, ఆ పాత సినిమానే చూడని కుర్రాళ్లు. మీ వయసు గుంపు మాట మీరు వినండి.

స్టెప్ 6: మాట్లాడేది ఎవరో చూడండి

తిట్టిన క్రిటిక్ ఈ జానర్‌లో ఇంతకుముందు దేన్నైనా మెచ్చుకున్నాడా? అమెరికా క్రిటిక్ రోజర్ ఈబర్ట్ 1978 హాలోవీన్‌కి నాలుగు స్టార్లూ ఇచ్చాడు, అదే మనిషి తర్వాత వచ్చిన చాలా స్లాషర్స్‌ని అసహ్యించుకున్నాడు. అలాంటివాడు ఒక స్లాషర్‌ని తిడితే విలువుంది, ఎందుకంటే మంచి స్లాషర్ ఎలా ఉంటుందో అతనికి తెలుసు. హారరే పడనివాళ్లు తిడితే అందులో మీకు కొత్త సమాచారం ఏం లేదు. మొదటి పార్ట్ మీద అదే క్రిటిక్ ఏం రాశాడో వెతకండి, రెండు నిమిషాల పని.

కొన్ని రియాక్షన్లు మాత్రం ఇలా లెక్క పెట్టేవి కావు. ఐ నో వాట్ యూ డిడ్ లాస్ట్ సమ్మర్ అసలు 1973లో లోయిస్ డంకన్ రాసిన నవల. అందులో కొక్కెం పట్టుకున్న జాలరి హంతకుడు లేడు, అది సినిమావాళ్లు కలిపింది. ఆవిడ కూతురు 1989లో నిజంగానే హత్యకి గురైంది. తన కథని ఇలా నరుకుడు సినిమా చేశారని ఆవిడ బాధపడింది, బయటకే చెప్పింది. ఈ జానర్‌ని నేను ఎంత ఇష్టపడినా ఆవిడ మాట చదివాక ఆ సినిమాని ఇంతకుముందులా చూడలేకపోయా. చూడ్డం మానలేదు గానీ ప్రతి చావు వెనకా ఒక అమ్మ ఉంటుందన్నది బుర్రలో ఉండిపోయింది, ఇప్పుడు కొత్త సీక్వెల్ ఏది వచ్చినా చనిపోయిన పిల్లల ఇంటివాళ్లకి సినిమాలో చోటుందా అని చూస్తా. మీ స్టెప్ 1 లిస్టులో ఇలాంటిది కూడా ఒకటి చేరొచ్చు.

స్టెప్ 7: కలెక్షన్లలో ఓపెనింగ్ వదిలేసి నిలబడ్డం చూడండి

ఓపెనింగ్ అనేది మొదటి పార్ట్ సంపాదించిపెట్టిన పేరు. సీక్వెల్ మీద జనం తీర్పు రెండో వారంలోనే తెలుస్తుంది. పైన చెప్పిన ఐ నో వాట్ యూ డిడ్ లాస్ట్ సమ్మర్, దాని 1998 సీక్వెల్ రెండూ అమెరికాలో ఇంచుమించు ఒకేలా ఓపెన్ అయ్యాయి, చెరో 16 మిలియన్ డాలర్ల దగ్గర. కానీ మొదటిది నిలబడి 72 మిలియన్ల దాకా వెళ్లింది, రెండోది 40 దగ్గర ఆగిపోయింది. ఆ తేడా అంతా మౌత్ టాకే. దీనికి రివర్స్‌లో, 1996 డిసెంబర్‌లో స్క్రీమ్ మొదటి వారాంతం 6 మిలియన్ల చిల్లరతో మొదలై చివరికి వంద దాటింది. ఏడాది తర్వాత స్క్రీమ్ 2 ఒక్క వారాంతంలోనే 32 మిలియన్లు పైన చేసి అది కూడా వంద దగ్గరకే చేరింది, ఒక సీక్వెల్ పేరు నిలబెట్టుకోవడం అంటే అది.

స్టెప్ 8: వేరే ఊరి టాక్‌ని మన ఊరికి సరిచేసుకోండి

దీన్ని చాలామంది మర్చిపోతారు. అమెరికాలో ఈ సినిమాలకి ఎక్కువగా ఆర్ సర్టిఫికెట్ వస్తుంది, అంటే 17 లోపు పిల్లలు కూడా అమ్మతోనో నాన్నతోనో వెళ్లొచ్చు. మన దగ్గర "ఏ" సర్టిఫికెట్ వస్తే 18 నిండనివాళ్లు ఎవరితో వచ్చినా లోపలికి పంపకూడదు. అంటే టీనేజర్ల గురించి తీసిన సినిమాని అక్కడి టీనేజర్లు హాల్లో చూసి అరిచి చెప్పిన టాక్‌ని, టీనేజర్లే లేని మన హాలుకి వాడుకుంటున్నాం! ఇంటర్ చదివే తమ్ముళ్లున్న వాళ్లు బుక్ చేసే ముందు సర్టిఫికెట్ చూసుకోండి, గేటు దగ్గర ఐడీ కార్డు అడిగితే మొహం మాడ్చుకుని వెనక్కి రావాల్సొస్తుంది. 2024 రూల్స్ వచ్చాక యూ/ఏలో కూడా 7 ప్లస్, 13 ప్లస్, 16 ప్లస్ అని మూడు రకాలు పెట్టారు, వాటికైతే పెద్దవాళ్ల నిర్ణయం.

తర్వాత కట్స్. బయట దేశంలో రివ్యూ రాసినవాళ్లు చూసిన నిడివి ఎంతో వెతికి, బుకింగ్ యాప్‌లో మన నిడివి ఎంతో చూడండి. తేడా ఉంటే ఆ పోయిన నిమిషాలు ఎక్కువగా చంపే సీన్లవే అయ్యుంటాయి. "కిల్స్ అదిరాయి" అన్న టాక్ పట్టుకుని వెళ్లినవాడికి ఇక్కడ అదే దొరక్కపోవచ్చు. తెలుగు డబ్బింగ్ అయితే దాని టాక్ విడిగా వినండి, కాలేజీ పిల్లల యాస జోకులు డబ్బింగ్‌లో బతకడం కష్టం, భయం మాత్రం బతుకుతుంది. ఇంకోటి ఇంటర్వెల్. వాళ్లు ఏకబిగిన చూసేలా తీసిన సినిమాని మన దగ్గర మధ్యలో కోసేస్తారు, హీరోయిన్ బీరువాలో దాక్కున్న చోట లైట్లేస్తే ఏం భయం ఉంటుంది చెప్పండి, మళ్లీ మొదలయ్యాక కూడా పాప్‌కార్న్‌తో వచ్చేవాళ్లు ఐదు నిమిషాలు అడ్డం నడుస్తూనే ఉంటారు. "సెకండాఫ్ మొదట్లో డల్" అని మనవాళ్లు అంటే అందులో సగం తప్పు సినిమాది కాదు.

స్టెప్ 9: మన ఊళ్లో చూసొచ్చినవాళ్లని సరిగ్గా అడగండి

"ఎలా ఉంది" అని అడిగితే "పర్లేదు, వన్ టైమ్" అని వస్తుంది, దానివల్ల ఉపయోగం లేదు. ఇవి అడగండి: హాల్లో జనం ఎక్కడ అరిచారు? ఎక్కడ నవ్వారు, అది సినిమా నవ్వించాలనుకున్న చోటేనా? మధ్యలో ఎవరైనా ఫోన్లు తీశారా? హంతకుడు తెలిశాక "అబ్బా" అన్నారా, "ఓస్ ఇంతేనా" అన్నారా? బయటికొచ్చాక కారు పార్కింగ్‌లో ఏం మాట్లాడుకున్నారు? పార్కింగ్ మాటలు చాలా నిజాయితీగా ఉంటాయి, ఎవరూ రివ్యూ రాస్తున్నట్టు మాట్లాడరు కదా.

షోని బట్టి కూడా జవాబు మారుతుంది. మా మావయ్య కొడుకు గాజువాక నుంచి స్టీల్‌ప్లాంట్ ఫ్రెండ్స్‌తో వచ్చి శుక్రవారం సెకండ్ షో చూస్తాడు, వాళ్ల గుంపు మొత్తం "ఎనకమాల సూడే పిల్లా, ఎనకమాల ఉన్నాడే!" అని తెర మీద అమ్మాయికి చెప్తూనే ఉంటారు, ఆ హాల్లో సగటు సినిమా కూడా పండిపోతుంది. నేను అదే సినిమాని మంగళవారం మద్దిలపాలెం సీఎమ్మార్‌లో మ్యాట్నీకి చూస్తే మొత్తం పదకొండు మంది, ఏసీ చప్పుడు వినిపించింది. వాడి రేటింగ్‌కీ నా రేటింగ్‌కీ ఆ జనమే తేడా. కాబట్టి ఎవర్ని అడిగినా ఏ షో, ఎంతమంది ఉన్నారు అని కలిపి అడగండి. మీరు గోల కోసం వెళ్తుంటే శుక్ర, శని రాత్రి షోలు చూసుకోండి, హంతకుడిని కనిపెట్టే ఆట కోసం అయితే ఖాళీగా ఉండే షోయే మంచిది, ప్రతి డైలాగూ వినపడుతుంది.

ఒక మాట, సినిమా వైజాగ్‌లో తీశారనో మన బీచ్ కనిపించిందనో వచ్చే టాక్‌ని కాస్త తగ్గించి వినండి. 2022 డిసెంబర్‌లో సీరియల్ కిల్లర్ కథతో వచ్చిన హిట్ 2 మొత్తం వైజాగ్‌లోనే జరుగుతుంది, అది స్లాషర్ కాదు గానీ ఆ టైమ్‌లో మా ఇంట్లో సగం చర్చ "అది ఏ రోడ్డు" అన్నదే. ఊరి మీద ప్రేమ మంచిదే, భయం లెక్కలో మాత్రం కలపకూడదు.

స్టెప్ 10: చూశాక మీ మాట రాయండి

ఇంటికి చేరకముందే రాసేయండి, పొద్దున్నకి వేరేవాళ్ల మాటలు మీ మాటల్లో కలిసిపోతాయి. ఏ షో, ఏ భాష, హాల్లో ఎంతమంది. మొదటి పార్ట్‌లో నాకు నచ్చింది ఇది, ఇక్కడ దొరికింది లేదా దొరకలేదు. గుండె ఆగిన సీన్ ఒకటి, అందులో ఎవరు పోయారో చెప్పకుండా, "లిఫ్ట్ సీన్" అని పెడితే చాలు. విసిగించింది ఒకటి. ఎవరికి చెప్తా, ఎవరికి వద్దంటా. నాలుగైదు లైన్లు సరిపోతాయి, స్టార్లు ఇవ్వక్కర్లేదు. మా గ్రూప్‌లో ఇప్పుడు అందరం ఇలాగే పెడుతున్నాం, చెల్లి పెట్టిన లైన్లు చూసి నేను ఒక సినిమా మానేశా, అదే లైన్లు చూసి మా బావ వెళ్లి ఎంజాయ్ చేసొచ్చాడు.

ఇంకొక్క ప్రాక్టికల్ విషయం. మన ఊళ్లో ఇంగ్లీష్ స్లాషర్‌కి మొదటి వారం నాలుగైదు షోలుంటే గొప్ప, రెండో శుక్రవారానికి కొత్త తెలుగు సినిమా పడితే ఇది లేచిపోతుంది. వచ్చే వారం షోలు సాధారణంగా బుధ, గురువారాల్లో యాప్‌లో కనిపిస్తాయి. అందుకని శనివారం స్కోర్ ఎటు కదిలిందో చూడండి, ఆదివారం చూసొచ్చినవాళ్లని అడగండి, సోమవారం రాత్రికి మీ నోట్స్ పక్కన పెట్టి తేల్చేసుకోండి, ఆ గురువారం లోపు షోకి బుక్ చేయండి. సీట్లు వెనక నుంచి మూడో వరుస మధ్యలో తీసుకోండి, ముందున్నవాళ్లు ఉలిక్కిపడ్డం కూడా కనిపిస్తుంది.